సుస్థిరాభివృద్ధి కోసం జాతీయ నెట్‌వర్క్ ఏర్పాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేర్వేరు రాష్ట్రాల్లో నీరు, నేల, విత్తనం, పోషణ, జీవనోపాధి వంటి అంశాల మీద పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు కలిసి ఒక జాతీయ నెట్‌వర్క్‌గా ఏర్పడాలనుకున్నప్పుడు దాదాపు ప్రతిచోటా అవే సందేహాలు ఎదురవుతాయి. మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలను దశల వారీగా ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. చట్టాలు, నిబంధనల వివరాలన్నీ భారతదేశానికి సంబంధించినవి.

## ఆలోచన దశలో

ఇప్పటికే ఇన్ని సంస్థలు, ఇన్ని వేదికలు ఉన్నాయి కదా, ఇంకొకటి ఎందుకు?

చాలా సందర్భాల్లో నిజంగానే అవసరం ఉండదు. ఉన్న వేదికలో చేరి పనిచేయగలిగితే అదే మేలు. మీ సంస్థ ఒంటరిగా ఎంత కష్టపడినా తేలని సమస్య ఒకటి ఉండి, అదే సమస్య మరో నాలుగైదు రాష్ట్రాల్లోని సంస్థలనూ వేధిస్తూ, దాని పరిష్కారం ఢిల్లీలో తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంటే అప్పుడు జాతీయ నెట్‌వర్క్‌కు అర్థం ఉంటుంది. సమస్య జిల్లా కలెక్టరు స్థాయిలో తీరేదైతే జిల్లా వేదిక చాలు. మొదటి సమావేశానికి ముందే ప్రతి సంస్థ చేత ఒక కాగితం మీద "మేము ఒంటరిగా చేయలేకపోతున్నది ఇది" అని ఒక్క వాక్యం రాయించండి. ఆ వాక్యాల్లో సగమైనా ఒకదానితో ఒకటి కలవకపోతే ప్రయత్నాన్ని కొంతకాలం వాయిదా వేయడం మంచిది.

సుస్థిరాభివృద్ధి అంటే మరీ విశాలమైన మాట. మేము ఏ పనిని ఎంచుకోవాలి?

రేపటి తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. ఆ నిర్వచనం కింద ఇమడని పని దాదాపు లేదు, చిక్కంతా అక్కడే వస్తుంది. మన దేశంలో ఫలితం సాధించిన నెట్‌వర్కులు ఎంత ఇరుకైన కోరికతో మొదలయ్యాయో గమనించండి. రాజస్థాన్ పల్లెల్లో కూలి లెక్కల మస్టర్లు చూపించమని అడిగిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం నుంచి 1996లో ప్రజల సమాచార హక్కు కోసం ఒక జాతీయ ప్రచార వేదిక పుట్టింది. దాని కోరిక ఒక్కటే, సమాచార హక్కుకు చట్టం కావాలి. ఆ చట్టం 2005లో వచ్చింది.

చిరుధాన్యాల విషయమూ అంతే. జహీరాబాద్ ప్రాంతపు పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు జొన్న, సజ్జ, కొర్ర పంటలను దశాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చారు. ఆ పని నుంచి ఎదిగిన మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా వంటి వేదికలు చిరుధాన్యాలను చౌకధరల దుకాణాలకు చేర్చాలని పట్టుబట్టాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలతో పాటు చిరుధాన్యాలు కూడా ఉండే ముతక ధాన్యాలకు కిలో 1 రూపాయి ధర చేరింది. కాబట్టి మొదటి మూడేళ్లకు ఒక్క కోరికనే ఎంచుకోండి. మిగిలినవి సభ్య సంస్థలు తమ తమ చోట్ల ఎలాగూ చేస్తూనే ఉంటాయి.

ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 17 లక్ష్యాలనే మా లక్ష్యాలుగా రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు కానీ దానివల్ల ప్రయోజనం తక్కువ. 2015 సెప్టెంబరులో 193 దేశాలు ఆమోదించిన ఆ ఒప్పందంలో 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి, గడువు 2030. అవి ప్రభుత్వాలు ఒప్పుకున్న బాధ్యతలు. మీ నెట్‌వర్క్ పత్రంలో ముందుగా మీ సమస్యను మీ మాటల్లో రాసి, అది ఏ లక్ష్యం కిందికి, ఏ ఉపలక్ష్యం కిందికి వస్తుందో పక్కన పేర్కొనండి. చెరువుల పునరుద్ధరణ మీ పని అయితే ఆరో లక్ష్యమైన నీరు, పారిశుద్ధ్యం పేరు మాత్రమే రాసి వదిలేయకుండా, నీటికి సంబంధించిన పర్యావరణ వ్యవస్థల రక్షణ గురించి చెప్పే 6.6 ఉపలక్ష్యాన్ని చూపితే అధికారులతో మాట్లాడేటప్పుడు పట్టు దొరుకుతుంది.

సమాఖ్యకూ నెట్‌వర్క్‌కూ తేడా ఏమిటి?

మన పొదుపు సంఘాలను తలచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య ఏర్పడతాయి. ప్రతి మెట్టులో ఎన్నిక, డబ్బు, అజమాయిషీ ఉంటాయి, పై మెట్టు నిర్ణయం కింది మెట్టును కట్టివేస్తుంది. నెట్‌వర్క్‌లో అటువంటి అధికారం ఉండదు. సభ్య సంస్థలు స్వతంత్రంగా ఉంటూనే ఒప్పుకున్న కొన్ని పనులను మాత్రం కలిసి చేస్తాయి. ఏ విషయాల్లో సభ్యులు ఉమ్మడి నిర్ణయానికి కట్టుబడాలో, ఏ విషయాల్లో ఎవరి దారి వారిదో మొదట్లోనే రాసుకోకపోతే, రెండు మూడేళ్లలో నెట్‌వర్క్ సమాఖ్యలా పెత్తనం చేస్తోందన్న ఫిర్యాదు తప్పకుండా వస్తుంది.

## సభ్యులను కూడగట్టే దశలో

ఎన్ని రాష్ట్రాల సభ్యులు ఉంటే జాతీయ నెట్‌వర్క్ అనవచ్చు?

అఖిల భారత స్థాయి సొసైటీగా నమోదు చేయాలంటే వేర్వేరు రాష్ట్రాలకు చెందిన కనీసం ఎనిమిది మంది వ్యవస్థాపక సభ్యులు ఉండాలని అడగడం ఢిల్లీ వంటి చోట్ల ఆనవాయితీ. అయితే పేరు కోసం ఎనిమిది రాష్ట్రాల నుంచి ఎనిమిది సంతకాలు సేకరించడం కంటే, నాలుగు రాష్ట్రాల్లో నిజంగా పనిచేసే ఇరవై సంస్థలు ఉండటం ఎంతో బలం. ఈశాన్య రాష్ట్రాలను, ఆదివాసీ ప్రాంతాలను చివర్లో గుర్తుచేసుకుని చేర్చే అలవాటు మన వేదికలకు ఉంది. వారు లేకుండా రాసుకున్న ఎజెండాలో తర్వాత వారికి చోటు దొరకదు, అందువల్ల మొదటి పిలుపు వెళ్లే జాబితాలోనే వారి పేర్లు ఉండాలి.

పెద్ద సంస్థలకూ చిన్న సంస్థలకూ ఒకే ఓటు ఉండాలా?

ఉండాలనే మా అభిప్రాయం. వంద మంది ఉద్యోగులున్న సంస్థకు సమావేశాలకు మనుషులను పంపే వెసులుబాటు, ఇంగ్లీషులో పత్రాలు రాసే నేర్పు, దాతలతో పరిచయాలు ముందే ఉంటాయి. దానికి ఓట్లు కూడా ఎక్కువ ఇస్తే నెట్‌వర్క్ ఆ సంస్థ శాఖలా మారుతుంది. చందాను మాత్రం సంస్థ వార్షిక వ్యయాన్ని బట్టి అంచెలుగా పెట్టవచ్చు. కార్యవర్గంలో మూడో వంతు స్థానాలను చిన్న సంస్థలకు, సగం స్థానాలను మహిళలకు కేటాయించి, ఎవరూ వరుసగా రెండు పదవీకాలాలకు మించి కొనసాగకూడదని నియమం పెట్టుకుంటే అధికారం ఒకే చోట పేరుకుపోదు.

ప్రభుత్వ శాఖలను, కంపెనీలను, విశ్వవిద్యాలయాలను సభ్యులుగా చేర్చుకోవచ్చా?

విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను చేర్చుకోవచ్చు, వారి వల్ల పరిశీలనకు, లెక్కలకు బలం వస్తుంది. ప్రభుత్వ శాఖలకూ కంపెనీలకూ ఓటు లేని ఆహ్వానిత స్థానం సరిపోతుంది. రేపు ఒక పరిశ్రమ కాలుష్యం గురించో, ఒక పథకం లోపం గురించో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ పక్షం కార్యవర్గంలో కూర్చుని ఉంటే నెట్‌వర్క్ నోరు కట్టుబడుతుంది.

మా ప్రాంతం వాళ్లకు హిందీ, ఇంగ్లీషు రావు. జాతీయ సమావేశాల్లో ఎలా పాల్గొంటారు?

జాతీయ వేదికల్లో అన్యాయం ఎక్కువగా జరిగేది ఇక్కడే. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రెండు రోజులు రైల్లో ప్రయాణించి వచ్చిన రైతు మహిళ మూడు రోజులూ మౌనంగా కూర్చుని, చివరి గంటలో "మీ అనుభవం రెండు నిమిషాల్లో చెప్పండమ్మా" అనిపించుకుని వెనుదిరిగిన సమావేశాలు మేము చూశాము. అనువాదాన్ని దయగా చేసే ఏర్పాటులా కాక బడ్జెట్‌లో స్థిరమైన పద్దుగా చూపండి. ఎజెండా కాగితాలు పది రోజుల ముందే సభ్యుల భాషల్లో అందాలి. సభలో ఒక్కో భాష వారి పక్కన ఆ పని తెలిసిన అనువాదకుడు ఉండాలి, పని తెలియని అనువాదకుడు "వాటర్‌షెడ్"ను ఏదో ఒక మాటగా మార్చి చర్చను పక్కదారి పట్టిస్తాడు. సభ్యులు తమ భాషలోనే మాట్లాడాలని, అనువాదానికి పట్టే సమయాన్ని వారి సమయంలోంచి కోయకూడదని నియమం పెట్టండి. సమావేశం మినిట్స్ కూడా అన్ని భాషల్లో వెళ్లిన తర్వాతే తీర్మానాలు ఆమోదం పొందినట్టు లెక్కించాలి.

## నమోదు దశలో

రిజిస్ట్రేషన్ చేయించడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు. సొంత బ్యాంకు ఖాతా, ఉద్యోగులు, విరాళాలు అవసరం లేనంతకాలం ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేసుకుని, ఒక సభ్య సంస్థ ఆతిథ్యంలో పనిచేయవచ్చు. మొదటి ఒకటి రెండేళ్లు ఇలా నడిపి చూడటం వల్ల ఎవరు నిలబడతారో తెలుస్తుంది. ఆతిథ్యమిచ్చే సంస్థ నెట్‌వర్క్ డబ్బుకు ప్రత్యేక ఖాతా పుస్తకం నిర్వహించి, మూడు నెలలకొకసారి సభ్యులందరికీ జమాఖర్చులు చూపాలి. ఆతిథ్య సంస్థ అధిపతే నెట్‌వర్క్ కన్వీనర్‌గా ఉండకపోవడం ఇద్దరికీ మంచిది.

సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీలలో ఏది మంచిది?

ట్రస్టులో అధికారం ట్రస్టీల చేతిలో ఉంటుంది, సభ్యులు ఎన్నుకునే ఏర్పాటు సహజంగా ఉండదు, కాబట్టి నెట్‌వర్క్‌కు అది అంతగా నప్పదు. సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి, ఏటా సర్వసభ్య సమావేశం, ఎన్నికలు దాని స్వభావంలోనే ఉన్నాయి. ఢిల్లీలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2001 నాటి చట్టం కింద నమోదు జరుగుతుంది. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద ఏర్పడే లాభాపేక్ష లేని కంపెనీకి దేశమంతటా ఒకే చట్టం వర్తిస్తుంది, పత్రాలు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి, దాతలకు నమ్మకం కలుగుతుంది. అయితే ఏటా దాఖలు చేయవలసిన పత్రాలు ఎక్కువ, ఆలస్యమైతే రుసుము రోజుల లెక్కన పెరుగుతుంది. పూర్తికాలం పనిచేసే అకౌంటెంటును పెట్టుకోగలిగితే సెక్షన్ 8 కంపెనీ, లేకపోతే సొసైటీ అన్నది మా సలహా.

బైలాల్లో ఏ విషయాలు తప్పక ఉండాలి?

సభ్యత్వ అర్హత, చందా, ఎన్నికల విధానం, కోరం వంటివి ఏ నమూనా పత్రంలోనైనా ఉంటాయి. నమూనాలలో దొరకనివి మూడు ఉన్నాయి. ఒకటి, నెట్‌వర్క్ పేరుతో పత్రికా ప్రకటన ఇచ్చే అధికారం ఎవరిది, ఎంతమంది సమ్మతితో అన్నది. రెండు, ఒక నిధి కోసం నెట్‌వర్కూ సభ్య సంస్థా ఇద్దరూ దరఖాస్తు చేసే పరిస్థితి వస్తే ఎవరు వెనక్కి తగ్గాలన్నది. మూడు, సభ్య సంస్థపై ఆర్థిక అవకతవకలు, లైంగిక వేధింపుల వంటి ఆరోపణలు వస్తే విచారణ ఎవరు చేస్తారు, విచారణ ముగిసేవరకు సభ్యత్వం ఏమవుతుందన్నది. ఈ మూడింటి మీద ముందే రాత లేకపోతే సంక్షోభం వచ్చిన రోజున ప్రతి సభ్యుడూ తనకు అనుకూలమైన న్యాయం చెబుతాడు.

## నిధుల విషయంలో

మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సభ్యుల చందా నుంచే రావాలి. చందా మొత్తం చిన్నదైనా సరే, దానితో ఒక సమన్వయకర్త జీతంలో కొంత భాగమైనా నడిస్తే నెట్‌వర్క్ తమదన్న భావన సభ్యుల్లో ఉంటుంది. సమావేశాలకు సభ్య సంస్థల శిక్షణ కేంద్రాలను వాడుకుంటే వసతి ఖర్చు బాగా తగ్గుతుంది. ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు, దాతలకు మినహాయింపు ఇచ్చే నమోదు మొదటి ఏడాదిలోనే చేయించండి. ఇన్నాళ్లూ 12ఏ, 80జీ అని పిలిచిన ఈ నమోదుల సెక్షన్ల సంఖ్యలు, 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి ఆదాయపు పన్ను చట్టంలో మారాయి కాబట్టి పాత నమూనా పత్రాలను అలాగే వాడకండి. స్వచ్ఛంద సంస్థల నమోదుకు నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య కూడా తీసుకోవాలి.

విదేశీ విరాళాలు తీసుకుని సభ్య సంస్థలకు పంచవచ్చా?

పంచకూడదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ ప్రకారం, ఒక సంస్థ తాను పొందిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధం, ఆ రెండో సంస్థకు ఆ చట్టం కింద సొంత నమోదు ఉన్నా సరే. అంతకుముందు అనేక నెట్‌వర్కులు పెద్ద నిధి తెచ్చి చిన్న సంస్థలకు పంచే పద్ధతిలోనే నడిచేవి, సవరణతో ఆ దారి మూసుకుపోయి మారుమూల సంస్థలు ఎన్నో దెబ్బతిన్నాయి. పరిపాలన ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. సమన్వయం, ప్రయాణాలు, జీతాలే ప్రధాన వ్యయంగా ఉండే నెట్‌వర్క్‌కు ఈ పరిమితిలో ఇమడటం కష్టం. విదేశీ నిధి మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. నమోదు కోసం సాధారణంగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. ఇవన్నీ చూశాక, కొత్త నెట్‌వర్క్ తన మనుగడను విదేశీ నిధి మీద కట్టుకోకూడదనే మేము చెబుతాము.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు దొరుకుతాయా?

కొంతవరకు దొరుకుతాయి. నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు తీసుకునే సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, సాధారణంగా మూడేళ్ల పని అనుభవమూ కావాలి. కంపెనీలు తమ కర్మాగారం చుట్టుపక్కల కంటికి కనిపించే పనులకే మొగ్గుచూపుతాయి గనుక విధానాల మీద చేసే కృషికి ఈ నిధి అరుదుగా వస్తుంది. శిక్షణ, విత్తన బ్యాంకులు, చెరువుల పనుల వంటి వాటికి సభ్య సంస్థలే నేరుగా దరఖాస్తు చేసేలా నెట్‌వర్క్ సాయపడటం మెరుగైన మార్గం.

నెట్‌వర్క్ కార్యాలయమే ప్రాజెక్టులు చేపట్టవచ్చా?

చట్టం అడ్డుచెప్పదు, కానీ చేపట్టవద్దు. కార్యాలయం క్షేత్రంలో దిగిన రోజు నుంచి అది తన సభ్యులకే పోటీ అవుతుంది. కార్యాలయంలో నలుగురైదుగురికి మించి లేకుండా చూసుకోండి.

## ప్రారంభ సభ

ప్రారంభ సభకు మంత్రిగారిని పిలవాలా?

పిలవవచ్చు, కానీ ఆయన కోసం ఆగితే తేదీ మారుతూనే ఉంటుంది, ఆయన వస్తే సభ సమయమంతా స్వాగతాలకూ సన్మానాలకూ పోతుంది. ఢిల్లీ హోటలు కంటే ఒక సభ్య సంస్థ పనిచేసే ఊరు మంచి వేదిక. వచ్చినవారు ఒక పూట పొలాల్లో, చెరువు గట్టు మీద తిరిగి చూసిన తర్వాత జరిగే చర్చ వేరుగా ఉంటుంది. సభ ముగిసేనాటికి మూడు కాగితాలు చేతిలో ఉండాలి: అందరూ సంతకం చేసిన ఉమ్మడి పత్రం, తొలి ఏడాది పనులు ఎవరెవరు చేస్తారన్న జాబితా, తదుపరి సమావేశం తేదీ.

## ప్రారంభమైన తర్వాత

గ్రామంలో చేసే పనిని జాతీయ లక్ష్యాలతో ఎలా కలపాలి?

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ద్వారా కలపవచ్చు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలను పల్లెకు అర్థమయ్యేలా 9 అంశాలుగా కుదించింది: పేదరికం లేని గ్రామం, ఆరోగ్య గ్రామం, బాలల హిత గ్రామం, నీటి సమృద్ధి గల గ్రామం, పచ్చని శుభ్రమైన గ్రామం, మౌలిక సదుపాయాలు గల గ్రామం, సామాజిక న్యాయ భద్రత గల గ్రామం, సుపరిపాలన గ్రామం, మహిళా హిత గ్రామం. ఏటా అక్టోబరు నుంచి గ్రామసభల్లో ఈ ప్రణాళికలు తయారవుతాయి. సభ్య సంస్థ ఆ గ్రామసభకు వెళ్లి తన అంశాన్ని తీర్మానంలో చేర్పించగలిగితే, పది రాష్ట్రాల్లోని వందల తీర్మానాలను నెట్‌వర్క్ ఒక దగ్గర చేర్చి కేంద్ర శాఖ ముందు పెట్టగలుగుతుంది. ఏ వినతిపత్రం కంటే అది బరువైనది.

ప్రభుత్వ లెక్కలు ఉన్నాయి కదా, మేము మళ్లీ వివరాలు సేకరించడం ఎందుకు?

నీతి ఆయోగ్ సుస్థిరాభివృద్ధి సూచీలో దేశానికి 2018లో 57, 2023-24లో 71 మార్కులు వచ్చాయి. రాష్ట్రాలను పోల్చడానికి ఆ సూచీ ఉపయోగపడుతుంది, కానీ రాష్ట్ర సగటులో ఒక తండా, ఒక గూడెం కనిపించవు. ఉదాహరణకు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏ ఊళ్లో, ఏ కులంలో, ఏ నెలల్లో అది తీవ్రమవుతోందో చెప్పగలిగేది అక్కడ పనిచేసే సంస్థే. ప్రభుత్వ సర్వేల ప్రశ్నలనే వాడి, అదే పద్ధతిలో సేకరిస్తే మీ లెక్కలను తోసిపుచ్చడం కష్టమవుతుంది. ఎవరి వివరాలు సేకరించారో ఆ ఊరి వారికే ఫలితాలు మొదట చెప్పాలి, ఇది మర్యాదకు సంబంధించిన విషయం.

ఐక్యరాజ్యసమితికి ప్రభుత్వం ఇచ్చే నివేదికలో మా మాట చేరుతుందా?

చేరే అవకాశం ఉంది. భారతదేశం 2017లో, 2020లో, 2025లో ఆ 17 లక్ష్యాల పురోగతి మీద స్వచ్ఛంద జాతీయ సమీక్షలు అనే నివేదికలు సమర్పించింది. 2020 సమీక్షకు ముందు నీతి ఆయోగ్ పౌర సంస్థలతో విస్తృతంగా సంప్రదింపులు జరిపింది, దళితులు, ఆదివాసీలు, వికలాంగులు, వలస కార్మికుల వంటి సమూహాల తరఫున చర్చలను సమన్వయం చేయడంలో వాదా నా తోడో అభియాన్ ముఖ్య పాత్ర వహించింది. 2004లో ముంబైలో జరిగిన ప్రపంచ సామాజిక వేదిక నుంచి పుట్టిన నెట్‌వర్క్ అది. పిలుపు వచ్చాక వివరాలు వెతుక్కునే వ్యవధి ఉండదు కాబట్టి ఏటా ఒక చిన్న నివేదిక సిద్ధంగా ఉంచుకోండి.

రెండేళ్లు గడిచాక సభ్యులు సమావేశాలకు రావడం తగ్గించారు. ఏం చేయాలి?

రాని సంస్థలకు ఉత్తరాలు రాయకుండా మనుషులు స్వయంగా వెళ్లి కలవాలి. మాకు ఎక్కువగా వినిపించిన కారణం ఒక్కటే, సమావేశంలో తమ పనికి అక్కరకొచ్చేది ఏదీ దొరకడం లేదని. సమావేశాలు తగ్గించి పరస్పర సందర్శనలు పెంచండి. అనంతపురం రైతులు ఒడిశాలోని కోరాపుట్ వెళ్లి అక్కడి వారి రాగి సాగును చూడటం, వారు తిరిగి ఇక్కడికి రావడం నాలుగు సమావేశాల పెట్టు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్‌కు చెందిన వాసన్ సంస్థ అమలులో తోడుగా నిలిచింది. ఒక రాష్ట్రపు అనుభవం ఇంకో రాష్ట్రానికి ఇలాగే చేరుతుంది.

నెట్‌వర్క్‌ను మూసివేయాల్సి వస్తే ఆస్తులు ఏమవుతాయి?

1860 చట్టం కింద నమోదైన సొసైటీని రద్దు చేయడానికి సభ్యుల్లో కనీసం అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, సభ్యుల తీర్మానం ప్రకారం ఇంకో సొసైటీకి అప్పగించాలి. సెక్షన్ 8 కంపెనీ అయితే అటువంటి ఆశయాలే ఉన్న మరో కంపెనీకి బదిలీ చేయాలి. డబ్బు కంటే విలువైన ఆస్తి ఇన్నేళ్లుగా సేకరించిన గ్రామ వివరాలు, ఫొటోలు, అనేక భాషల్లోని మినిట్స్. వాటిని ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి లేదా ఏ సభ్య సంస్థకు అప్పగించాలో రద్దు తీర్మానంలోనే పేరుతో సహా రాయాలి.